మూడో గదిల ఒకరు

బీదర్ పక్కన నౌబాద్‌ల గుండేరావు సేటుకు కోల్డ్ స్టోరేజ్ ఉన్నది కదా, దాంట్ల మూడో గది ముచ్చట వేరే. మొదటి రెండు గదులల్ల హమాలీలు పాటలు పాడుకుంట పని చేస్తరు. మూడో గది కాడికి వచ్చేసరికి పాట బంద్. మాల్ దించిండ్రా, బయటికి వచ్చిండ్రా... అంతే. పొద్దుగూకినంక ఆ దిక్కు చూడుమన్నా చూడరు.

ఆ గదిల ఏసప్ప ఉన్నడంటరు.

ఏసప్ప హమాలీల మేస్త్రీ. పక్క ఊరు చిద్రిల ఉంటుండె. మూడోది మైనస్ గది — బఠానీ, ఐస్‌క్రీం పెట్టేది. పీల్చిన గాలి ముక్కుల్నే గడ్డ కడతది. ఓ నాడు అందరూ బయటికి వచ్చిండ్రనుకొని తలుపు బంద్ చేసి, ఎవరిదో పెండ్లికి పోయిండ్రు. ఏసప్ప రాలేదన్న సంగతి ఎవ్వలకూ తోచలే. తెల్లారి తలుపు తీస్తే... ఇగ చెప్పుడెందుకు. తలుపు వెనకాలనే కూసొని ఉన్నడంట, అరచెయ్యి తలుపుకు ఆనించి.

అప్పటి సంది రాత్రిపూట లోపటి నుంచి కొట్టుడు ఇనిపిస్తదని కొందరంటరు. ఉత్తదే అని ఇంకొందరు. సేటు మాత్రం నిద్రలేక పరేషానై, పట్నం నుంచి మనుషులను పిలిపించి పెద్ద బందోబస్తు చేయించిండు. గది లోపల, తలుపు మీద, ఓ కన్ను పెట్టించిండు. లోపల మనిషి ఉంటే ఆ కన్ను చూస్తది, ఆఫీసుల కంప్యూటర్‌కు చెప్తది. మనిషి ఉన్నంతసేపు ఫ్యాన్లు తిరగవు, తలుపు మూసుకోదు. మనిషి బయటికి వచ్చిండంటే తలుపు తనంతట తనే జరుగుతది, గడియ పడతది, ఫ్యాన్లు షురూ అయితయి. ఇగ ఎవ్వల పానమూ పొయ్యే పని లేదని సేటు కడుపు నిండ తిని పండుకుంటుండె.

మొన్న దసరా దాక.

దసరా అయిన తెల్లారి నుంచి గదిల పురుగు కూడ లేదు — స్క్రీన్ మీద మాత్రం ఒక్కటే మాట. మూడో గది... లోపల: ఒకరు.

తలుపు మూసుకోదు. ఫ్యాన్లు తిరగవు. సేటు లోపలికి తొంగి చూసి "ఎవర్రా?" అని కేకేసి వచ్చిండు. మళ్ళ అదే మాట. "ఇన్నేండ్లకు దొరికిండు ఏసప్ప, కంప్యూటర్‌కు" అని హమాలీలు చెవులు కొరుక్కున్నరు. ఐస్‌క్రీం డబ్బాలల్ల గుడగుడ నీళ్ళైతాంది. లోపలికి పోయి తెచ్చే మొగోడు ఒక్కడు లేడు.

అప్పుడు లీయాను పిలిచిండ్రు.

లీయా చిద్రి పిల్ల. ఇంట్లనే ఓ గదిల కూసొని బీదర్ దుకాణాలకు, దాల్ మిల్లులకు కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసిస్తది, చెడితే బాగు చేస్తది. పట్నపోళ్ళు ఫోను ఎత్తుడు మానేసినంక సేటు ఈ కన్ను ప్రోగ్రాం కూడ ఆమెకే అంటగట్టిండు. నోరు జర జోరు పిల్లది. దెయ్యాలంటే పడి పడి నవ్వుతది. ఏసప్ప పేరు ఇన్నప్పుడు మాత్రం నవ్వలే.

ఎందుకంటే ఏసప్ప వాళ్ళ చర్చిల వెనక బెంచీ మీద కూసునేటోడు. ఆరాధన అయినంక జేబుల నుంచి పిప్పర్మెంట్లు తీసి పిల్లలకు పంచేటోడు. "తీస్కో పటేలా" అనేటోడు, ఊరి పెద్దమనిషిని పిలిచినట్టు. సేటైనా, పాస్టరయ్యైనా, ముక్కు కారే పోరడైనా — ఏసప్ప నోట్లె అందరూ పటేలే. గౌను ఏసుకున్న లీయా కూడ పటేలే.

*

ఆటో దిగి లోపలికి వచ్చేసరికి దీపాలు పెట్టే యాళ్ళైంది. సేటు, ఆయన భార్య శారదాదేవి, చిట్గుప్పకు ఎవరిదో నిశ్చితార్థానికి పోయిండ్రు. హమాలీలు ఎప్పుడో జారుకున్నరు. ఉన్నది వాచ్‌మన్ శాంతరాజు ఒక్కడే. వానాకాలంల పనికి కుదిరినోడు. ఏసప్పను కండ్లతోని చూడలే గాని, కథలు మాత్రం పొట్ట నిండ ఇన్నడు.

"అక్కా, నేను జర చాయ తాగొస్తా" అన్నడు, చూపంత గేటు మీదనే పెట్టి.

"నన్నొక్కదాన్ని ఇడిచిపెట్టి పోతవా?"

"గిట్ల పోయి గట్ల వస్తా..."

పోయిండు. వచ్చే ముఖమైతే కాదు.

ఇంతల సేటు ఫోను. "లీయమ్మా, ఐస్‌క్రీమంత పాలైతాంది తల్లీ! కన్ను సంగతి తర్వాత చూద్దువు గాని... మూడో గదిల ఎవ్వలు లేరని రాసి పారెయ్ నీ కంప్యూటర్‌కు."

"అట్ల రాయొద్దు సేటూ. ఆ కన్ను ఊకె పెట్టలేదు కదా."

"ఒక్క రాత్రికమ్మా! పొద్దుగాల్ల తీసేద్దువు. నీ కాల్మొక్త."

పెద్దమనిషి అంత మాట అన్నడని లీయా మెత్తబడ్డది. రాయవలసింది ఒక్క లైనే — మూడో గది నుంచి ఏ కబురు వచ్చినా నమ్మకు, గది ఖాళీ అనుకో. ల్యాప్‌టాప్‌ల రాసింది, కంపైల్ చేసి నడిచే ప్రోగ్రాంగ మార్చింది. సక్కగ అయింది. పాత ప్రోగ్రాం ఆపి, దాని జాగల కొత్తదాన్ని ఆఫీసు కంప్యూటర్‌ల పెట్టి నడిపిస్తే... ఠక్కున ఓ డబ్బా వచ్చి మొఖం మీద పడ్డది. ఫలానా ఫైలు దొరుకుతలేదంట.

"నా దగ్గర మంచిగ నడుస్తవు, ఇక్కడికొస్తే ఏం రోగమే నీకు?" అని తిట్టింది. రోజు చేసే పనే, రోజు తిట్టే తిట్టే. ఆ ఫైలున్న విండోస్ సామాను తెచ్చి ఇన్‌స్టాల్‌కు పెట్టింది. పచ్చ గీత నడుస్తనా వద్దా అన్నట్టు కదులుతాంది. పక్కన యూపీఎస్ ఎప్పుడో చచ్చి, మీద దుమ్ము పట్టి ఉన్నది. కరెంటు పోతే కంప్యూటర్ గుటుక్కుమంటది, వస్తే మళ్ళ తనంతట తనే లేస్తది. ఎన్నిసార్లు చెప్పినా సేటు ఇంటే కదా.

'ఇది అయ్యే లోపల ఆ కన్ను కథేందో చూద్దాం' అనుకొని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని మూడో గదిలకు పోయింది. ప్రోగ్రాం ఏదీ నడుస్తలేదు కాబట్టి తలుపు తెరిచింది తెరిచినట్టే ఉన్నది.

తలుపుకు అడ్డం ప్లాస్టిక్ పట్టీల తెర. పట్టీలు పక్కకు జరిపి అడుగు పెట్టింది. లోపల పెద్ద చలేం లేదు, ఫ్యాన్లు ఆగి ఎంతసేపైందో. కప్పు మీది నుంచి నీళ్ళ చుక్కలు... టప్... టప్. ఒంటి మీద పల్చని డ్రెస్సు, చున్నీ. శాలువ ఇంట్లనే ఉన్నది.

తల ఎత్తి కన్ను దిక్కు చూసింది.

చూసి... గది మారుమోగేటట్టు నవ్వింది.

"శారదమ్మా! ఓ శారదమ్మా! ఏం పని చేసినవమ్మా!"

ఆయుధపూజ నాడు శారదాదేవి తరాజుకు బొట్టు పెట్టింది, మోటార్లకు పెట్టింది, కంప్యూటర్‌కు పెట్టింది. భక్తి గల ఇల్లాలు, కాపాడే కన్నును ఇడిచిపెడతదా? నిచ్చెన ఏయించుకొని మరీ ఎక్కినట్టున్నది. ఆ బుడ్డ అద్దం నిండ పసుపు, దాని మీద రూపాయంత కుంకుమ బొట్టు. కంటికి అంత దగ్గర అంత పెద్దది అడ్డం ఉంటే, అది మనిషే అనుకోక ఏం చేస్తది పాపం! దసరా సంది ఏసప్ప ఏసప్ప అని అందరూ వణికింది ఈ కుంకుమకు.

బఠానీ డబ్బా మీద ఎక్కి, చున్నీ కొనతోని కన్ను శుభ్రంగ తుడిచింది. కన్ను కింద ఉన్న పెట్టెకు తన వైరు ఒకటి పెట్టి ల్యాప్‌టాప్‌కు తగిలించి చూసింది. లోపల: ఒకరు.

"అవు. ఇప్పుడు నిజంగనే ఒకరు" అనుకొని ముసిముసి నవ్వింది.

అప్పుడు...

గర్ర్‌ర్... అని చప్పుడైంది. ప్లాస్టిక్ పట్టీల అవుతల తలుపు జరుగుతాంది.

లీయా డబ్బా మీది నుంచి దుంకింది. పట్టీలు నెట్టుకుంట ఉరికింది. చెయ్యి అందేసరికి —

టక్.

గడియ పడ్డది.

ఒక్క నిమిషం ఏం అర్థం కాలే. మరుక్షణం అంత అర్థమైంది. ఇన్‌స్టాల్ అయిపోయింది. అయిపోయినంక విండోస్ అడగకుండనే తనను తాను రీస్టార్ట్ చేసుకున్నది. వద్దని చెప్పే గడిల టిక్కు పెట్టుడు లీయా మరిచిపోయింది. లేవంగనే కొత్త ప్రోగ్రాం నడిచింది. కొత్త ప్రోగ్రాంకు లీయానే చెప్పి ఉన్నది కదా... మూడో గది ఖాళీ. ఏ కబురు వచ్చినా నమ్మకు.

పైన ఫ్యాన్లు మొరుగుకుంట లేచినయి, మంచు గాలి నెత్తి మీద పడ్డది.

తలుపు పక్కన ఎర్ర బటన్ ఉన్నది. ఒత్తింది. మళ్ళ ఒత్తింది. అరచేత్తోని గుద్దింది. ఆ బటన్ పోయి చెప్పుకునేది కూడ ఆ ప్రోగ్రాంకే. లేని మనిషి బటన్ ఒత్తితే అది తలుపెందుకు తీస్తది?

"నా చేతులు ఇరగ... నేనే రాసుకున్న కదా" అన్నది.

ఫోనుల సిగ్నల్ లేదు. చుట్టూ రేకు, మధ్యల మూరెడు మందం థర్మాకోల్. "శాంతరాజూ! తమ్మీ! ఎవరన్న ఉన్నరా!" అని గొంతు చినిగేటట్టు అరిచింది. అరుపు పోయి గోడకు తగిలి తన చెవులకే వచ్చింది. ఒక్క అక్షరం బయటికి పోలేదని ఆమెకు తెలుస్తనే ఉన్నది. భయమైంది. మస్తు భయమైంది.

డబ్బా మూత ఊడదీసి దాంతోని తలుపును కొట్టింది. దన్... దన్... దన్... అరుపు పోకున్నా ఈ చప్పుడు పోతది.

తలుపుకు పళ్ళెమంత గుండ్రటి అద్దం ఉన్నది. ఆవిరి పట్టిన అద్దాన్ని తుడిచి కన్ను పెట్టింది. వరండా దీపం కింద... మనిషి!

శాంతరాజు. చాయ తాగి వచ్చిండు. కొట్టుడు ఇని, ఉన్నకాడనే నిలబడ్డడు.

లీయా పానం లేచి వచ్చింది. దన్ దన్ దన్ అని కొట్టింది. అరచెయ్యి అద్దానికి ఆనించింది. "నేనే! లీయాను!" అని మొత్తుకున్నది.

శాంతరాజు అద్దం దిక్కు చూసిండు. నోరు తెరిచిండు. అద్దం వెనక తెల్లటి ఆవిరి, ఆ ఆవిరిల ఓ చెయ్యి... అంతే వానికి కనబడ్డది. ఆఫీసుల ఎవ్వలు లేరు, గేటు కాడ బండి లేదు, అక్క ఎప్పుడో ఇంటికి పోయిందనుకున్నడు. మరి లోపటి నుంచి కొట్టేది ఎవ్వలు?

ఎనుకకు ఒక్కో అడుగు ఏసిండు. చెప్పులు ఇడిచిపెట్టి ఉరికిండు.

"అయ్యో... పోకురా, పోకు..." లీయా తలుపు పట్టుకొని ఏడ్చింది. ఇంకో సంగతి కూడ అప్పుడే తెలిసొచ్చింది. ఇగ ఎంత కొడితే వాడంత దూరం పోతడు. బయట ఉన్నోళ్ళకు ఇప్పుడు ఈ గదిల దెయ్యం తనే.

కాళ్ళ ఏళ్ళు తిమ్మిరి పట్టినయి. ఏడ్చుకుంట కూసుంటే చచ్చిపోతనని తెలిసి, ముక్కు తుడుచుకొని ల్యాప్‌టాప్ కాడికి పోయింది. కన్ను పెట్టె వైరు ఇంక తగిలే ఉన్నది. ఆ పెట్టె నుంచి ఇంకో వైరు పోయేది ఆఫీసు కంప్యూటర్‌కే.

రాసిన లైను తీసేసింది. కంపైల్. తప్పు! తిమ్మిరెక్కిన ఏళ్ళతోని పక్క లైను చివర చుక్క కూడ చెరిపింది. ఒక్క చుక్క పోతే స్క్రీన్ నిండ ఎర్ర గీతలు. చంకల ఏళ్ళు పెట్టి ఎచ్చ చేసుకొని, చుక్క పెట్టింది. కంపైల్... అయింది.

ఆఫీసు కంప్యూటర్‌లకు పంపింది. పోలే. ఆ ప్రోగ్రాం నడుస్తాంది, నడిచేదాని మీద ఇంకోటి పెట్టనియ్య అన్నది విండోస్.

"పెట్టనియ్యవా... పెట్టనియ్యకు" అని పండ్లు కొరికింది. నడిచే ఫైలును మార్చనియ్యదు గాని పేరు మార్చుకోనిస్తది, ఆ ఇగురం లీయాకు ఎరుకే. పాతదాని పేరు మార్చింది. దాని జాగల కొత్తదాన్ని పెట్టింది. కూసున్నది!

కాని పేరు మారినా పాతదే నడుస్తాంది. కంప్యూటర్ ఒక్కసారి పడి లేస్తేనే కొత్తది నడిచేది. ఇక్కడి నుంచి రీస్టార్ట్ చెయ్యమని అడిగింది. అనుమతి లేదు. మళ్ళ అడిగింది. అనుమతి లేదు. గడపలకు రానిచ్చి, ఇంట్లకు రావద్దన్నట్టు.

మూడోసారి అడగపోతుంటే ల్యాప్‌టాప్ నల్లగైంది. చలికి బ్యాటరీ ఓడిపోయింది.

అన్ని సరిచేసింది. కరెంటు ఒక్కసారి బంద్ అయి మళ్ళ వచ్చేటట్టు మెయిన్ స్విచ్ తీసి పెట్టే మనిషి చాలు... ఒక్క మనిషి. వాడేమో చెప్పులు ఇడిచి ఉరికిండు.

లీయా తలుపు కాడికి వచ్చి కూసున్నది. కొట్టే బలం లేదు. అమ్మ యాదికొచ్చింది — ఈపాటికి అన్నం కుండ మీద మూత పెట్టి, గుమ్మంల నిలబడి ఉంటది. ఏడుపు వచ్చింది గాని కండ్లల్ల నీళ్ళు రాలే. అరచెయ్యి తలుపుకు ఆనించింది...

గభాల్న తీసేసింది. ఏసప్ప గిట్లనే కూసున్నడు.

"దేవా" అన్నది. పెదవులు కదిలినయి గాని మాట బయటికి రాలే. నోరంత చల్లగ, పిప్పర్మెంటు చప్పరించినట్టు. ఎందుకో ఆ వెనక బెంచీ, ఆ పెద్ద గరుకు చెయ్యి యాదికొచ్చినయి. "పెద్దయ్యా, నువ్వు గింత గోస పడ్డవా" అనుకున్నది మనసుల. కండ్లు మూతలు పడుతున్నయి...

లైటు పోయింది.

ఫ్యాన్లు ఆగినయి.

చీకటి. చిమ్మని చీకటి. తన పండ్ల టకటక తప్ప ఇంకో చప్పుడు లేదు. కరెంటు పోయిందా? పోతే పోనీ... మళ్ళ వస్తదా?

లైటు వచ్చింది.

లీయా ఊపిరి బిగపట్టింది. కంప్యూటర్ లేవాలె. విండోస్ ఒళ్ళు ఇరుచుకొని, ఆవులించి, కండ్లు నులుముకొని లేవాలె. ప్రోగ్రాం నడవాలె. కన్ను తనను చూడాలె. "లే... లే నా బంగారం, లే..." అని గొణిగింది.

టక్.

గర్ర్‌ర్... తలుపు జరిగింది.

*

మోకాళ్ళ మీద పాకి బయట పడ్డది. వరండా గచ్చు ఇంక ఎచ్చగనే ఉన్నది. చెంప దానికి ఆనించి కొంచెంసేపు అట్లనే పండుకున్నది.

తల ఎత్తేసరికి ఆఫీసు గుమ్మంల శాంతరాజు. మెయిన్ బోర్డు కింద గోడను కరుచుకొని ఉన్నడు.

"అ... అక్కా? నువ్వా? లోపల నువ్వున్నవా?"

"మరెవరనుకున్నవురా, నీ మొఖం మీద మన్ను వొయ్య!" అని తిట్టింది. తిట్టుకుంటనే ఏడ్చింది. "పోనీ తియ్... మెయిన్ తీసి పెట్టినవు, నా పానం నిలబెట్టినవు. మంచి పని చేసినవు తమ్మీ. ఎట్ల తోచింది నీకు?"

శాంతరాజు తల అడ్డంగ ఊపిండు.

"నాకు తోచలే అక్కా. గేటు దాక ఉరికిన. చెప్పుల కోసం మళ్ళ వచ్చిన... కొట్టుడు ఆగింది. పోదామని తిరిగిన. అప్పుడు లోపటి నుంచి పిలుపు వచ్చింది కదా."

"నేను పిలిచినా? ఆ గదిల నుంచి మాట బయటికి ఎట్ల వస్తదిరా? అప్పటికి నా నోట మాటే లేదు."

"నువ్వు కాదు..." శాంతరాజు మూడో గది దిక్కు ఏలు చూపిండు. "లోపటి నుంచే... మొగ గొంతు. ముసలి గొంతు. చెవుల కాడ అన్నట్టే ఇనిపించింది. 'పటేలా... మెయిన్ తీసి పెట్టు' అని. పటేలా అంట అక్కా, నన్ను! హమాలోని కొడుకును, నన్ను పటేలా అన్నోడు ఈ లోకంల ఒక్కడు లేడు. చెయ్యి తనంతట తనే పోయింది స్విచ్చు మీదికి."

లీయా మెల్లగ లేచి గోడ పట్టుకొని నిలబడ్డది.

ఆఫీసుల స్క్రీన్ వెలుగుతాంది. కన్ను తుడిచి ఉన్నది. ప్రోగ్రాం సక్కగ నడుస్తాంది. లీయా బయట ఉన్నది, శాంతరాజు బయట ఉన్నడు.

మూడో గది... లోపల: ఒకరు.

తలుపు తెరుచుకొనే ఉన్నది. ఫ్యాన్లు తిరుగుతలేవు. ఇద్దరూ మూడో గది తలుపు దిక్కు చూసిండ్రు.

ప్లాస్టిక్ పట్టీలు కదిలినయి. గాలికి ఊగినట్టు కాదు... మనిషి భుజంతోని నెట్టుకొని వస్తే ఎట్ల పక్కకు జరుగుతయో, అట్ల జరిగి, మళ్ళ వచ్చి కలిసినయి.

స్క్రీన్ మీద మాట మారింది. లోపల: ఎవ్వరూ లేరు.

గర్ర్‌ర్... టక్.

శాంతరాజు లీయా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. లీయా వాన్ని గోడ దిక్కు జరిపి, తను కూడ జరిగి, వరండాల దారి ఇడిచిపెట్టింది.